దూరపు పరుగు - దేహములోని ఇంధనము

హైదరాబాదు నగరములో ఏటేటా ఆగస్టు నెలలో జరుగు మారథాన్ పరుగునకు వేలకొలది జనులు వత్తురు. వీరిలో హెచ్చుమంది క్రీడలే వృత్తిగా గలవారు కారు. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు. తెల్లవారుజామున బయలుదేరునపుడు అందరి అడుగులును చురుకుగనే పడును. సుమారు 30 కిలోమీటర్లు గడచిన పిమ్మట మాత్రము కొందరి కాళ్లు ఉన్నట్టుండి బరువెక్కి మొరాయించును. దీనికి ముఖ్యకారణము ధైర్యలోపము కాదు, ఇంధనలోపము.

లెక్క చాల సులభము. పరుగెత్తు మనిషి తన బరువులో ఒక్కొక్క కిలోగ్రామునకు, కిలోమీటరు ఒక్కంటికి, దాదాపు ఒక కిలోకేలరీ శక్తిని వ్యయపరచును. మారథాన్ దూరము 42.195 కిలోమీటర్లు. కనుక 60 కిలోల మనిషికి సుమారు 2,500 కిలోకేలరీలు కావలెను.

ఈ శక్తి నిచ్చు ఇంధనములు ముఖ్యముగా రెండు. మొదటిది గ్లైకోజెన్ అను పిండిపదార్థము. ఇది కండరములలో సుమారు 400 గ్రాములు, కాలేయములో 100 గ్రాములు నిలువయుండును. గ్రామునకు 4 చొప్పున మొత్తము 2,000 కిలోకేలరీలు. పైగా చేతి కండరములోని గ్లైకోజెన్‌ను కాలి కండరము నేరుగా ఎరువు తెచ్చుకొనలేదు. రెండవది క్రొవ్వు. బక్కపలుచని మనిషిలో సైతము 6 కిలోల క్రొవ్వుండును. గ్రామునకు 9 చొప్పున అది 54,000 కిలోకేలరీలు. ఇరువది మారథానులకు సరిపోవు నిధి!

అట్లయిన లోటేల వచ్చును? గ్లైకోజెన్ చేతిలోని రొక్కము వంటిది, క్రొవ్వు గాదెలోని ధాన్యము వంటిది. ధాన్యమెంత యున్నను వెంటనే ఖర్చునకు రాదు. క్రొవ్వు నెమ్మదిగా దహనమగును. అంతే శక్తి నిచ్చుటకు కొంత ఎక్కువ ప్రాణవాయువును కోరును. వేగము హెచ్చినకొలది దేహము రొక్కముపైననే ఆధారపడును. మొదటి కిలోమీటర్లలో తొందరపడినవాడు చివర చేయి చాచవలసివచ్చుట ఇందువలననే.

అభ్యాసము ఈ స్థితిని మార్చును. కండర కణములలో ఇంధనమును దహించు సూక్ష్మభాగములకు మైటోకాండ్రియా అని పేరు. 1967లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ హొలోజి కొన్ని వారములపాటు ఎలుకలను పరుగెత్తించి చూడగా, వాటి కండరములలో మైటోకాండ్రియాకు ప్రాణవాయువును వినియోగించు శక్తి దాదాపు రెట్టింపైనది. మనుష్యులలోను అభ్యాసముచే మైటోకాండ్రియా, సన్నని రక్తకేశనాళికలు వృద్ధియగును. అప్పుడు అదే వేగమునకు క్రొవ్వు ఎక్కువగను, గ్లైకోజెన్ తక్కువగను ఖర్చగును.

ఈ రహస్యమును న్యూజీలండు దేశపు ఆర్థర్ లిడియార్డ్ అంతకుముందే అనుభవముచే గ్రహించెను. చెప్పుల కర్మాగారములో పనిచేసిన ఈతడు వారమునకు 100 మైళ్లవరకు పరుగెత్తి తనపైననే పరీక్షించుకొనెను. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో అతని శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, మరీ హాల్‌బర్గ్ 5,000 మీటర్లలోను స్వర్ణపతకములు గెలిచిరి. మధ్యదూరపు పరుగునకు సైతము దీర్ఘాభ్యాసమే పునాది యని లోకము తెలిసికొనెను.

కావున ప్రక్కవారితో మాటలాడగలిగినంత వేగముతో పలువారములు పరుగెత్తుట ప్రధానము. ఈ మార్పులు విశ్రాంతి వేళలలోనే స్థిరపడును గనుక, పందెమునకు ముందు వారము ఒళ్లు విరుచుకొనిన లాభము లేదు.

ఉష్ణదేశములలో మరియొక జాగ్రత్త అవసరము. వ్యయమైన శక్తిలో సుమారు మూడు వంతులు, అనగా నాలుగింట మూడు, వేడిగా మారును. చెమట ఆవిరియైననే ఆ వేడి తొలగును; విశాఖపట్నము వంటి తీరములలో గాలి తేమగా నుండుటచే చెమట కారిపోవునే గాని తేలికగా ఆవిరి కాదు. తడబడుచు, పొంతనలేక మాటలాడు పరుగరికి వడదెబ్బ తగిలి యుండవచ్చును. అతనిని వెంటనే నీడకు చేర్చి, చన్నీటితో ఒడలు చల్లార్చుచు వైద్యుని పిలువవలెను. దాహము లేకున్నను అతిగా నీరు త్రాగుట సైతము ప్రమాదమే. రక్తములోని సోడియము పలుచబడును.

ఉన్నత పాఠశాల విద్యార్థులకు మారథాన్ దూరము తగదు. రెండు మూడు కిలోమీటర్లతో మొదలిడిన చాలును. ప్రతి ఉదయము పడక దిగకమునుపు నాడిని ఒక నిమిషము లెక్కించి, రెండు నెలలు వరుసగా వ్రాసికొని గ్రాఫు గీయవచ్చును. అభ్యాసము క్రమముగా సాగినచో గీత సాధారణముగా మెల్లగా దిగుచు వచ్చును. గుండె ఒక్కొక్క స్పందనతో మునుపటికన్న ఎక్కువ రక్తమును పంపుచున్న దనుటకు అది గుర్తు.