దస్తావేజులున్నా దక్కని భూమి

జనవరి 28. ఇంగ్లండ్ తూర్పున ఉన్న నార్‌ఫోక్‌లోని గ్రెషమ్ గ్రామం మీదికి వెయ్యిమంది వచ్చిపడ్డారు. ఒంటి మీద కవచాలు, చేతుల్లో విల్లంబులు, తుపాకులు. ఇళ్లను లాగి పడగొట్టే పొడవాటి కొక్కేలు, నిచ్చెనలు, గునపాలు, నిప్పులు నింపిన మూకుళ్లు కూడా తెచ్చుకున్నారు. ఇంట్లో ఉన్నది మార్గరెట్ పాస్టన్, ఆమెతో ఓ పన్నెండుమంది. ఆమె ఉన్న గది గోడను అడుగు నుంచి తవ్వి కూల్చారు. ఆమెను మోసుకెళ్లి గేటు బయట వదిలారు. 200 పౌన్ల విలువైన సామాను దోచుకున్నారు. ఈ లెక్కలు ఆమె భర్త జాన్ పాస్టన్ పెట్టుకున్న అర్జీలోవి. దెబ్బతిన్నవాడు చెప్పిన లెక్క కాబట్టి ‘వెయ్యి’ కొంత పెరిగి ఉండొచ్చు.

1450లో కెంట్ జనం జాక్ కేడ్ వెంట లండన్ మీదికి నడిచారు. దానికి కొంతకాలం ముందు జరిగిందీ దాడి. ఆ తిరుగుబాటును అలగా జనం అల్లరి అని కొట్టిపారేసేవాళ్లు గ్రెషమ్ గొడవను ఓసారి చూడాలి.

జాన్ తాత మామూలు రైతు. తండ్రి విలియం చదువుకుని న్యాయమూర్తి అయ్యాడు. మహాకవి చాసర్ కొడుకు థామస్ నుంచి గ్రెషమ్ కొన్నాడు. 1444లో ఆయన కన్నుమూశాక, 1448 ఫిబ్రవరిలో మోలిన్స్ ప్రభువు ఆ ఆస్తి తమ వంశానిదంటూ దౌర్జన్యంగా ఆక్రమించాడు. వెనక నుంచి ఎగదోసింది జాన్ హేడన్ అనే వకీలు. ఆ వకీలుకు అండ సఫోక్ డ్యూక్. ఆ డ్యూక్ చేతిలో రాజు ఆరో హెన్రీ. కాగితాలు పరిశీలిద్దామని పాస్టన్ పెద్దమనుషుల దగ్గరికి తిరిగాడు. ఫలితం లేకపోయింది. కబ్జాకు కావలసింది పత్రం కాదు, పైవాడి పలుకుబడి.

చివరికి మార్గరెట్ గ్రెషమ్‌లోనే మరో ఇంట్లో మకాం పెట్టింది. ఆ రోజుల్లో ఆమె భర్తకు రాసిన ఉత్తరం ఒకటి నిలిచి ఉంది. ఇల్లు పొట్టిగా ఉంది, పొడవు విల్లుతో లోపలి నుంచి బాణం వేయలేం, అడ్డవిల్లులు పంపమని అడిగింది. అదే ఉత్తరంలో ఒక పౌను బాదం, ఒక పౌను చక్కెర, పిల్లల బట్టలకు గుడ్డ కూడా అడిగింది. ముట్టడి మధ్య సంసారం నడిపిన ఆ ఇల్లాలి గుండెనిబ్బరానికి చేతులెత్తి మొక్కాలి.

1450 మే 2న సఫోక్‌ను సముద్రం మీద పట్టుకుని తల నరికారు. కొద్ది వారాలకే కేడ్ మనుషులు లండన్ పక్కనున్న బ్లాక్‌హీత్ మైదానంలో విడిది చేశారు. వారిలో కూలీలే కాదు, ఊరి కానిస్టేబుళ్లు, సొంత పొలాలున్న రైతులు, చిన్న భూస్వాములూ ఉన్నారు. వారి కోరికల పత్రం చదివితే గ్రెషమే కళ్లముందు కదులుతుంది. హక్కు పత్రాలున్నా రాజుగారి మనుషులకు భయపడి జనం తమ భూమిని అడగలేకపోతున్నారని, నేరం రుజువు కాకముందే నిందితుల ఆస్తులు పంచేసుకుంటున్నారని, షెరీఫులు జనాన్ని పీడించి సొమ్ము గుంజుతున్నారని అందులో ఉంది. పాస్టన్ బంధువు సర్ జాన్ ఫాస్టాల్ఫ్ ఆ పత్రం తెమ్మని తన సేవకుణ్ణి పంపితే, తిరుగుబాటుదారులు వాణ్ణి గూఢచారిగా పట్టుకుని తల తీసినంత పని చేశారు.

లండన్‌లో దొరికిన కోశాధికారి సే ప్రభువును, ఆయన అల్లుణ్ణి వాళ్లు చంపేశారు. కెంట్ షెరీఫుగా జనాన్ని పీడించిన ఆ అల్లుడి మీద కోపం అర్థమవుతుంది. తీర్పు కోసం లేచినవాళ్లు తీర్పులేకుండా తలలు తీయడం మాత్రం నాకు మింగుడుపడదు. జులైలో కేడ్ గాయాలతో పట్టుబడి దారిలోనే చచ్చిపోయాడు.

తిరుగుబాటు భయానికి ప్రభుత్వం కొంత కదిలింది. విచారణ సంఘాలు వేసింది. హేడన్ మీద, అతని జోడీ టడెన్‌హామ్ మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 1451లో న్యాయమూర్తి ప్రిసట్ విచారణను నిందితుల బలగం దండిగా ఉన్న వాల్సింగమ్‌కు మార్చాడు. ఫిర్యాదీల నోరు నొక్కాడు. గ్రెషమ్ మళ్లీ పాస్టన్ చేతికి వచ్చింది గానీ, కూలిన ఇంటికి, పోయిన సొత్తుకు పరిహారం ఊసే లేదు. మోలిన్స్ మీద కేసు సంగతేమిటని అడిగితే షెరీఫ్ జెర్మిన్ దాచకుండా చెప్పాడు: ఆ ప్రభువును విడిచిపెట్టే జ్యూరీని ఎంపిక చేయమని రాజుగారి ఉత్తరం ఉంది.