సొర ఉంటేనే సాహసం
దక్షిణాఫ్రికా తీరంలో బోను యాత్రల వైభవం, వాటి వెనుక ఉన్న బాధ్యత

దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నగరానికి ఆగ్నేయంగా, రోడ్డు మార్గాన సుమారు రెండు గంటల దూరంలో ఉన్న గాన్స్‌బాయ్ అనే చిన్న పట్టణం ఒకప్పుడు చేపల వేట మీదే ఆధారపడినా, 1990ల నుంచి ఇనుప బోనులో నీటిలోకి దిగి సొరచేపలను దగ్గరగా చూసే సాహస యాత్రలకు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఈ ఖ్యాతికి మూలం తీరానికి ఎదురుగా ఉన్న డయర్ దీవి, దాని పక్కనే ఉన్న గైజర్ రాక్ అనే రాతి దిబ్బ. దిబ్బ మీద వేల సంఖ్యలో నివసించే సీల్ జంతువుల ఒంట్లో దట్టంగా పేరుకొనే కొవ్వు కోసం, గ్రేట్ వైట్ షార్క్‌గా పేరొందిన పెద్ద తెల్ల సొరలు ఏటా ఆ నీళ్లకు వచ్చేవి.

మృత్యువు అంచు నుంచి

బోను ఆలోచన పుట్టింది ఆస్ట్రేలియాలో. 1963లో అడిలైడ్ సమీపంలో, నీటి అడుగున ఈటెతో చేపలు పట్టే పోటీలో పాల్గొంటూ తెల్ల సొర నోట చిక్కి, వందల కుట్లతో బతికి బయటపడిన రాడ్నీ ఫాక్స్, ఆ జీవిని ద్వేషించడానికి బదులు దానిని అర్థం చేసుకోవాలనుకొని, సురక్షితంగా చూడటానికి బోనును రూపొందించి, తర్వాతి కాలంలో సొరల సంరక్షణకు గొంతుగా నిలిచాడు.

నేటి యాత్రలో పడవ లంగరు వేశాక సిబ్బంది చేప నూనె, చేప ముక్కల మిశ్రమాన్ని సముద్రంలో పోస్తారు. చమ్ అని పిలిచే ఆ మిశ్రమం నీటిపై జిడ్డు తెట్టెలా పరుచుకొని, ప్రవాహం వెంట వాసనను దూరం వరకు మోసుకుపోతుంది. పడవకు ఆనించి కట్టిన బోనులో, మందపాటి రబ్బరు దుస్తులు వేసుకొన్న యాత్రికులు చల్లని నీటిలో మెడ వరకు మునిగి, పైనుంచి కేక వినబడగానే ఊపిరి బిగబట్టి, లోపలి కడ్డీని పట్టుకొని తల ముంచుతారు. బయటి ఊచలను పట్టుకొన్న చేతికి ముప్పు తప్పదు. తాడుకు కట్టిన ట్యూనా తలను సొర నోటికి అందకముందే లాగేయడం సిబ్బంది నేర్పు. సొర ముట్టె చుట్టూ ఉండే సూక్ష్మ రంధ్రాలు స్వల్ప విద్యుత్తును సైతం పసిగడతాయి గనుక, ఉప్పునీటిలోని లోహం కూడా దాని దృష్టిని ఆకర్షించగలదు.

పరిమితులు ఎందుకు?

మనిషిని ఆహారంతో ముడిపెట్టి చూడటం సొరకు అలవాటవుతుందేమోనన్న భయం తీరవాసుల్లో ఉంది. ఎర తినిపించనంత వరకు ప్రభావం స్వల్పమేనని దక్షిణాఫ్రికాలో జరిగిన పరిశోధనలు సూచించినా, ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవుల వద్ద యాత్రలు పెరిగాక సొరలు అక్కడే ఎక్కువ రోజులు ఉంటున్నాయని తేలడంతో ప్రభుత్వం యాత్రా దినాలకు హద్దు విధించింది. మెక్సికోలోని గ్వాదలూపే దీవి వద్ద సొరలు బోనుల్లో చిక్కుకొని గాయపడిన ఘటనల తర్వాత, 2023లో ఈ యాత్రలనే నిషేధించారు.

గాన్స్‌బాయ్‌కి దెబ్బ మరో దిక్కు నుంచి తగిలింది. 2017లో కాలేయం లేని తెల్ల సొరల కళేబరాలు ఆ తీరానికి కొట్టుకొచ్చాయి. నూనె నిండిన కాలేయం కోసం ఓర్కా తిమింగలాలు వాటిని వేటాడాయని తేలింది. ఆ తర్వాత సొరలు ఆ నీళ్లను విడిచి వెళ్లగా, యాత్రికులు ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నది బ్రాంజ్ వేలర్ అనే మరో జాతి సొరలను. అయితే భారమంతా ఓర్కాల మీదే వేయడం న్యాయం కాదు. 1991లోనే తెల్ల సొరకు చట్టరక్షణ కల్పించిన తొలి దేశమైన దక్షిణాఫ్రికాలో, స్నానతీరాల రక్షణకని క్వాజులు-నటాల్ వద్ద కట్టిన వలల్లో అవే సొరలు నేటికీ చిక్కి చనిపోతున్నాయి. చిన్న జాతుల సొరలను పట్టే గాలపు తాళ్ల వేట తెల్ల సొరల ఆహారాన్ని తగ్గిస్తోంది. ఆడ సొర పిల్లలు కనే వయసుకు రావడానికి దశాబ్దాలు పట్టే జాతిలో ఒక్క మరణం కూడా చిన్న నష్టం కాదు.

బోను మనిషి ప్రాణానికి భరోసా ఇస్తుంది గాని, సొర ప్రాణానికి ఇవ్వదు. ఆ భరోసా ఇవ్వవలసింది వలలకు ప్రత్యామ్నాయం వెతికే ప్రభుత్వం, వేటకు హద్దు గీసే చట్టం, రాబడిలో కొంత పరిశోధనకు కేటాయించే యాత్రా సంస్థలు. సజీవమైన సొర ఒక ఊరికి ఏళ్ల తరబడి అన్నం పెట్టగలదని గాన్స్‌బాయ్ నిరూపించింది కనుక, దానిని కాపాడటం ఆ ఊరి జీవనాధారాన్ని కాపాడటమే.