మొలకలు లేని గట్టు

వేసవిలో వంతెన మీద నుంచి చిత్రావతినో పాపాఘ్నినో చూసినవాళ్లు ఏరు ఎండిపోయిందంటారు. దిగి చూడాలి. పైన ఇసుక కాళ్లు కాలుస్తుంది. రెండు చేతులతో మూరెడు తోడితే తడి తగులుతుంది. ఇంకాస్త తోడి కాసేపు ఆగితే గుంట అడుగున నీరు ఊరి, మెల్లగా తేరుకుంటుంది. అదే చెలమ. రాయలసీమ రైతులు ఈ ఊటనే కాలువల్లోకి మళ్లించి పంటలు పండించారు.

కుండెడు ఇసుకలో దాదాపు మూడో వంతు ఖాళీయే. నీరు దాగేది రేణువుల మధ్య ఆ సందుల్లోనే. ఎండిన పైపొర మూతలా కప్పి దాన్ని ఆవిరి కానివ్వదు. గట్టు మీది ఏరుమద్ది, కానుగ, నేరేడు నడివేసవిలోనూ పచ్చగా ఉండేది ఈ నీటితోనే.

పొక్లెయిన్లు దిగి రెండు మూడు మీటర్ల ఇసుక ఎత్తేస్తే ఏటి అడుగు కుంగుతుంది. గట్టులోని నీరు ఆ పల్లంలోకి జారుతుంది, గట్టు కింది మట్టమూ పడిపోతుంది. ముతక ఇసుకలో నీరు తనంతట తాను పైకి పాకేది జానెడుకు మించదు. అందుకే వేరు కొసకు నీరు మూరెడు దూరమైనా అందనట్టే.

ముదురు మద్ది వెంటనే చావదు. కొమ్మల చివర్లు ఎండుతున్నా ఏళ్ల తరబడి నిలబడుతుంది. 'చెట్లు బాగానే ఉన్నాయి కదా' అనే మాట నమ్మకూడదనేది అందుకే. చూడాల్సింది చెట్టు కింద. రెక్కలున్న మద్దికాయలు వరదలో కొట్టుకొచ్చి తడి మేటల్లో మొలకెత్తుతాయి. వరద తీశాక తడి కిందికి దిగుతుంటే మొలక వేరు దాన్ని వెంటాడాలి. అమెరికా పశ్చిమ నదుల కాటన్‌వుడ్ చెట్లను పరిశీలించినవారు, నీటిమట్టం రోజుకు సుమారు 2.5 సెంటీమీటర్లకు మించి దిగితే మొలకలు బతకడం కష్టమని గమనించారు. అంకె చెట్టును బట్టి మారుతుంది, పరుగు మాత్రం ఏ ఏటి గట్టునైనా ఒకటే. తవ్విన ఏట్లో ఆ పరుగులో మొలక ఓడిపోతుంది. చాలాచోట్ల అసలు నాటుకోవడానికి మేటే మిగలదు.

ఇక రెల్లు. నేలలో పాకే దాని వేళ్లు ఇసుకను కుట్టేసినట్టు పట్టి ఉంచుతాయి. ఇసుకతో పాటు అదీ టిప్పర్‌లోకి పోతుంది. తర్వాతి వరదకు తవ్విన గుంట అంచు తెగుతూ ఎగువకు పాకుతుంది. తన ఇసుకను గుంటలో దించేసిన నీరు దిగువన గట్టును కోస్తుంది. బోసిపోయిన చోట లోతుకు వేరు దించే సర్కారు తుమ్మ అల్లుకుంటుంది. దూరానికి అదీ పచ్చగానే కనిపిస్తుంది.

గట్టు నుంచి నది వెడల్పులో నాలుగో వంతు, కనీసం 7.5 మీటర్లు తవ్వకుండా వదలమని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. మంచిదే. కానీ నీటిమట్టానికి ఆ గీత తెలియదు. నడి ఏట్లో తవ్వినా గట్టు కింది ఊట దిగిపోతుంది. ఇసుక తవ్వే రీచ్‌కు అనుమతి ఇచ్చేముందు ఎన్ని టన్నుల ఇసుక ఉందో కొలుస్తున్నారు. గట్టు బావుల్లో నీరు ఎంత లోతున ఉందో, మద్ది కింద మోకాలెత్తు మొక్కలు ఎన్ని ఉన్నాయో కూడా ఏటేటా లెక్క రాయాలి.