‘కరెంటు’ ఆగినా.. ఆగని విరేచనాలు
దారి తప్పిన పైత్యరసమూ కారణమే

రామగిరి: క్యాన్సర్ తగ్గిందని వైద్యులు చెప్పి పంపిస్తారు. ఇంటికి వచ్చిన మనిషి మాత్రం బస్సు ఎక్కడానికి జంకుతుంది. అన్నం తిన్న అరగంటకే మరుగుదొడ్డికి పరుగెత్తాల్సి రావడమే ఇందుకు కారణం. గర్భాశయ ముఖద్వారం, పురీషనాళం, ప్రొస్టేట్ క్యాన్సర్లకు రేడియేషన్ చికిత్స పొందిన వారిలో కొందరిని ఈ బాధ ఏళ్ల తరబడి వెంటాడుతుంది. మన ప్రాంతంలో ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే ఈ చికిత్స ముగిసిన తర్వాత వచ్చే విరేచనాలను చాలామంది పుండు తిరగబెట్టిందని భయపడి దాచుకుంటారు. లేదా వేడి చేసిందని సరిపెట్టుకుంటారు. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో, సెలైన్ సీసాలతో నెట్టుకొస్తారు. వాస్తవానికి దీనికి కారణం కనుగొనవచ్చు, చాలామందిలో అదుపు చేయవచ్చు.

పేగుపై కిరణాల ప్రభావం

చిన్నపేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తదవుతుంది. ఇంత వేగంగా విభజన చెందే కణాలు కనుకనే రేడియేషన్‌కు సులభంగా దెబ్బతింటాయి. చికిత్స మొదలైన రెండు, మూడు వారాలకు కనిపించే కడుపునొప్పి, విరేచనాలు ఈ కారణంగానే వస్తాయి. చికిత్స పూర్తయిన కొన్ని వారాలకు ఇవి సాధారణంగా తగ్గుముఖం పడతాయి. అయితే మరికొందరిలో పేగు గోడలోని సన్నని రక్తనాళాలు పూడుకుపోయి, గోడ గట్టిపడి, నెలలు, ఏళ్ల తర్వాత సమస్య తలెత్తుతుంది. చికిత్సకు, విరేచనాలకు మధ్య అంత ఎడం ఉండటంతో ఈ రెండింటికీ సంబంధముందన్న అనుమానం రోగికే రాదు.

పైత్యరసం సంగతి

కాలేయం కొలెస్ట్రాల్ నుంచి పైత్యరస ఆమ్లాలను తయారు చేస్తుంది. పిత్తాశయంలో నిల్వ ఉండే ఈ రసం భోజనం చేసినప్పుడు పేగులోకి విడుదలై కొవ్వును జీర్ణం చేస్తుంది. పని ముగిశాక ఈ ఆమ్లాలలో సుమారు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగమైన శేషాంత్రికం పీల్చుకుని తిరిగి కాలేయానికి పంపుతుంది. అదే సరుకు రోజుకు పలుమార్లు ఇలా తిరుగుతుంటుంది. శేషాంత్రికం పొత్తికడుపులోనే వాలి ఉండటం వల్ల అక్కడ పడే కిరణాల దెబ్బ దానికీ తగులుతుంది. అప్పుడు పీల్చుకోలేని ఆమ్లాలన్నీ పెద్దపేగులోకి జారిపోతాయి. నీటిని పీల్చుకోవాల్సిన పెద్దపేగు వాటి తాకిడికి నీటిని ఊరించడం మొదలుపెడుతుంది. గనిలో ఊటనీటిని పైకి తోడే పంపే తిరగబడి నీటిని లోపలికి కుమ్మరిస్తే ఎలా ఉంటుందో గని కార్మికులకు వేరుగా చెప్పనక్కరలేదు. నూనె తేలే కూర, బజ్జీలు తిన్న పూట బాధ హెచ్చడానికి కారణమూ ఇదే. కొవ్వు ఎక్కువైతే పైత్యరసమూ ఎక్కువ విడుదలవుతుంది.

సూక్ష్మజీవుల పాత్ర

పెద్దపేగులోని సూక్ష్మజీవులు సైతం ఇందులో భాగస్వాములే. మిగిలిన కొద్దిపాటి పైత్యరస ఆమ్లాలను అవి వేరే రూపాల్లోకి మారుస్తాయి. పీచు పదార్థాన్ని పులియబెట్టి పేగు పొరకు ఆహారమయ్యే ఆమ్లాలనూ అందిస్తాయి. రేడియేషన్ అనంతరం వీటి రకాలు తగ్గి, సమతూకం చెదురుతుంది. పేగు కదలిక మందగించిన వారిలో పెద్దపేగులో ఉండాల్సినవి చిన్నపేగులో పెరిగిపోయి ఉబ్బరం, విరేచనాలు కలిగిస్తాయి. తీవ్రమైన రేడియేషన్‌ను తట్టుకుని బతికిన ఎలుకల పేగుల్లో కొన్ని సూక్ష్మజీవుల కుటుంబాలు అధికంగా ఉన్నాయని అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో వెల్లడించారు. అంతకుముందు 2010లో థాయిలాండ్‌లో 63 మంది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగులపై జరిపిన పరీక్షలో, మేలు చేసే బ్యాక్టీరియా గుళికలు వాడిన వారిలో చికిత్స సమయంలో విరేచనాల తీవ్రత తగ్గింది. ఇది చికిత్స సాగుతున్నప్పటి సంగతి. ఏళ్ల నాటి విరేచనాలకు దుకాణంలో గుళికలు కొనుక్కుంటే సరిపోతుందని దీని అర్థం కాదు.

యంత్రంతోనూ తేడా

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయిన 300 మంది మహిళలపై ముంబయిలోని టాటా మెమోరియల్ కేంద్రం ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. చిత్రాల సాయంతో కిరణాల తీవ్రతను అవసరమైన చోటికే మలిచే విధానంలో, మూడేళ్లకు చెప్పుకోదగ్గ పేగు ఇబ్బందులు 21 శాతం మందిలో కనిపించగా, పాత తరహా విధానంలో 42 శాతం మందిలో కనిపించాయి. క్యాన్సర్ అదుపులో మాత్రం తేడా లేదు. చికిత్సకు ముందే ఏ విధానం వాడుతున్నారని అడగడం రోగి హక్కు.

వైద్యం ఉంది

పెద్దపేగుకు చేరిన పైత్యరస ఆమ్లాలను పట్టి ఉంచే కొలెస్టిరమైన్ అనే పొడి మందు దశాబ్దాలుగా వాడుకలో ఉంది. దీనిని వైద్యుని సలహాతోనే తీసుకోవాలి. ఇతర మాత్రలను సైతం ఇది పట్టి ఉంచుతుంది కాబట్టి వాటిని గంట ముందు గానీ, నాలుగు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఆహారంలో నూనె తగ్గిస్తే కొందరికి ఎంతో ఉపశమనం లభిస్తుంది. పాలు పడని వారికి పలుచని మజ్జిగ పడవచ్చు. నీరసించిన వారు ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దానిపై రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో కలిపి తాగాలి.

మూలికలకు పేరున్న రామగిరి ఖిల్లా చెంత ఉన్నవారికి కషాయాలపై నమ్మకం సహజమే. కానీ కరక్కాయ, నేలతంగేడు వంటివి విరేచనకారులు. ఈ స్థితిలో అవి మేలుకు బదులు కీడే చేస్తాయి.

మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వస్తున్నా జాప్యం తగదు. శేషాంత్రికం దెబ్బతింటే విటమిన్ బి12 కూడా ఒంటపట్టదు. అరికాళ్ల తిమ్మిర్లు, నిస్సత్తువ ఉన్నవారు ఆ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఎక్కడ, ఎన్నిసార్లు కరెంటు పెట్టారో రాసి ఉన్న డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లాలి. అది లేకుంటే కొత్త వైద్యుడు అమీబా మందులతోనే మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంది.