ముగింపు తెలిసిన కథలో ఉత్కంఠ: 'దృశ్యం' చిత్రంపై కొన్ని ఆలోచనలు

ముగింపు ముందే తెలిసిపోయిన కథలో పాఠకుడికి మిగిలేదేమిటి? అపరాధ పరిశోధన కథల విషయంలో యీ ప్రశ్న తరచు వినిపిస్తుంది. హంతకుడెవరో తెలిశాక పుస్తకం మూసేయవచ్చు గదా అని చాలామంది అంటారు. కాని మన ప్రాంతంలో పల్నాటి వీరకథను తరాల తరబడి విన్న జనానికి బాలచంద్రుడు యుద్ధంలో మరణిస్తాడని తెలుసు. తెలిసే వినేవారు. తెల్లవారేదాకా కూర్చుని వినేవారు. కనుక ఉత్కంఠ అంతా ముగింపులోనే వుంటుందన్న అభిప్రాయాన్ని కొంచెం పరిశీలించవలసి వుంది.

అందుకు నాకు ఒక చక్కని అవకాశం దొరికింది. 'దృశ్యం' చిత్రం తెలుగులో 2014 జూలై 11న విడుదలైంది. నేను దాన్ని మొదటిసారి చూసింది యీ మధ్యనే, తుళ్లూరులో మా యింట్లో టీవీ మీద. ఈలోగా పదేళ్లకు పైగా ఆ చిత్రం గురించి వింటూనే వున్నాను. శవం యెక్కడ దాచారో మా బడిలో ఒక యెనిమిదో తరగతి కుర్రవాడు యేనాడో చెప్పేశాడు. మిగిలిన వివరాలు స్టాఫ్‌రూములోనూ, సెలూన్‌లోనూ, పెళ్లి పందిళ్లలోనూ పూర్తి అయ్యాయి. ఎక్కడైనా హత్య జరిగి శవం దొరక్కపోతే 'దృశ్యం తరహా హత్య' అని పత్రికలు శీర్షిక పెట్టడం పరిపాటి అయింది. అంటే చిత్రం పేరు ఒక నేరపద్ధతికి పేరైపోయింది. ఇంత ప్రచారం తర్వాత చూస్తే తెరమీద కనిపించినదేమిటన్నదే యీ వ్యాసానికి విషయం.

మూలం మలయాళం. జీతూ జోసెఫ్ రచించి దర్శకత్వం వహించిన చిత్రం 2013 డిసెంబరులో మోహన్‌లాల్ కథానాయకుడుగా వచ్చింది. తెలుగులో నటి శ్రీప్రియ దర్శకత్వం వహించగా వెంకటేశ్, మీనా, నదియా నటించారు. కన్నడం, తమిళం, హిందీ భాషల్లోకే గాక సింహళంలోకీ, 2019లో చైనా భాషలోకీ వెళ్లింది. ఇన్ని దేశాల ప్రేక్షకులను పట్టుకున్న కథను కేవలం 'సస్పెన్సు బాగుంది' అని సరిపెట్టడం విమర్శ అనిపించుకోదు.

ఇతివృత్తం క్లుప్తంగా యిది. రాంబాబు ఒక చిన్న వూళ్లో కేబుల్ ఆపరేటర్. పెద్దగా చదువుకోనివాడు, సినిమాలు విపరీతంగా చూసేవాడు. అతని పెద్ద కూతురు స్నానం చేస్తుండగా ఒక కుర్రవాడు దొంగచాటుగా ఫోనులో చిత్రించి, ఆ దృశ్యంతో బెదిరించడానికి యింటికే వస్తాడు. పెనుగులాటలో ఆ పిల్ల చేతి దెబ్బకు చనిపోతాడు. ఆ కుర్రవాడి తల్లి గీతా ప్రభాకర్ పోలీసుశాఖలో ఐ.జి. అక్కడినుంచి ఒక కుటుంబానికీ, ఒక వ్యవస్థకీ మధ్య పోరాటం.

ఇక్కడ మొట్టమొదట గమనించవలసినది: హంతకులెవరో చిత్రమే మనకు చూపించేస్తుంది. దాచింది ఒక్కటే, శవం వున్న చోటు. బల్ల కింద బాంబు వున్న సంగతి ప్రేక్షకుడికి తెలియకపోతే అది పేలినప్పుడు కొన్ని క్షణాల ఆశ్చర్యం. ముందే తెలిస్తే పేలేదాకా పదిహేను నిమిషాల ఉత్కంఠ అని హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు త్రుఫోకు వివరించాడు. ఆశ్చర్యం ఒక్కసారికే పనికివస్తుంది. ఉత్కంఠ యెన్నిసార్లయినా పనిచేస్తుంది. శవం కొత్తగా కడుతున్న పోలీసుస్టేషను నేలకిందే వుందని తెలిసి చూసిన నాకు చివరి దృశ్యం ఆశ్చర్యం కలిగించలేదు. కాని పోలీసుల విచారణలో చిన్నకూతురిని కానిస్టేబుల్ వీరభద్రం కొడుతున్నప్పుడు, ఆ పిల్ల యేం చెబుతుందో ముందే తెలిసివుండీ నేను కుర్చీ అంచుకు జరిగాను. ఆ దృశ్యంలోని భయానికి ముగింపుతో సంబంధం లేదు. పసిపిల్లను కొట్టి నిజం రాబట్టే వ్యవస్థతో సంబంధం వుంది.

రెండవది, నాకు మరీ ముఖ్యంగా తోచినది, సాక్ష్యాన్ని నిర్మించే తీరు. శవాన్ని దాచడం యీ చిత్రంలో చిన్న పని. రాంబాబు చేసిన పెద్ద పని తేదీని మార్చడం. కుటుంబాన్ని తీసుకుని పట్నం వెళ్లాడు. బస్సెక్కాడు, హోటల్లో భోంచేశాడు, సినిమా చూశాడు. ప్రయాణం నిజం. కాని అది హత్య జరిగిన తర్వాత చేసిన ప్రయాణం. తర్వాత అదే మనుషులను మళ్లీ కలిసి, మాటల మధ్య తేదీని వాళ్ల మనసులో నాటాడు. పోలీసులు అడిగినప్పుడు కండక్టరూ, హోటలు యజమానీ అబద్ధం ఆడలేదు. తాము నమ్మినదే చెప్పారు.

ఇది సినిమా గారడీ మాత్రమే కాదు. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒకే కారు ప్రమాద చిత్రాన్ని అందరికీ చూపించి, కొందరిని కార్లు 'తగిలినప్పుడు' వేగమెంత అనీ, కొందరిని 'బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు' వేగమెంత అనీ అడిగారు. మాట మారితే వేగం అంచనా కూడా మారింది. జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్తువు కాదనీ, అడిగే ప్రశ్ననుబట్టి రూపం మార్చుకుంటుందనీ దీనివల్ల అర్థమవుతుంది. చూసినదానికన్నా చెప్పించుకున్నది బలంగా నిలుస్తుంది. చిత్రానికి 'దృశ్యం' అన్న పేరు యిందుకే తగింది.

కాగితానికీ తేదీకీ వున్న బలం మా ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. పత్తీ మిరపా పండే పల్లెల చుట్టూ 2015లో రాజధానికోసం భూసమీకరణ జరిగింది. భూమి యిచ్చిన రైతు చేతిలో మిగిలినవి ప్లాటు పత్రం, కౌలు చెల్లింపు కాగితం. ఇక్కడ నిజం చేలో వుండదు, ఫైలులో వుంటుంది. రాంబాబు టికెట్టు ముక్కలను భద్రంగా దాచుకోవడం చూసినప్పుడు, ఆ పనిలోని తెలివి కన్నా అందులోని భయం నాకు యెక్కువ పరిచయంగా తోచింది. కాగితం లేకపోతే తన మాట చెల్లదని సామాన్యుడికి అనుభవంవల్ల తెలుసు.

తెలుగు సాహిత్యంలో దీనికి ఒక నేపథ్యం వుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు' చదివినవారికి కేసులు యెలా తయారవుతాయో తెలుసు. న్యాయవాదిగా కోర్టులను దగ్గరనుంచి చూసిన రచయిత ఆయన. 'మాయ' కథలో ముత్యాలమ్మ మీద కేసు కల్పించేది పోలీసులు. చట్టం తెలిసినవాళ్లే అబద్ధాన్ని నిజంగా నిలబెడతారు. 'దృశ్యం'లో ఆ యంత్రం తిరగబడింది. బలహీనుడే అదే పనిముట్టును చేతికి తీసుకుని బలవంతుల మీద ప్రయోగించాడు. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టింది హత్యకు కాదు, యీ తిరగబాటుకు. చట్టం మీద జనానికి నమ్మకం యెంత సన్నగిల్లిందో ఆ చప్పట్లు చెబుతాయి. 'దృశ్యం తరహా' అని రాసేవారు శిల్పంలోని ఒక మెలికను మాత్రమే తీసుకుని వస్తువును వదిలేశారు.

అయితే యీ చిత్రానికి ఒక గట్టి పరిమితి వుంది. దాన్ని చెప్పకపోతే మన అంచనా ఏకపక్షం అవుతుంది. ఆ ఫోను దృశ్యం వల్ల తలవంచుకోవలసినది యెవరు? తీసినవాడా, ఆ పిల్లా? చిత్రం మొదటినుంచీ రెండో జవాబునే స్వతస్సిద్ధంగా తీసుకుంది. తల్లి ఆ కుర్రవాణ్ణి బతిమాలుకుంటుంది; పరువు పోతుందని యిల్లంతా వణుకుతుంది. స్త్రీ ఏకాంతాన్ని దొంగచాటుగా చిత్రించడం నేరమని 2013లోనే భారత శిక్షాస్మృతిలో 354-సి సెక్షన్ చేర్చారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్‌గా అది కొనసాగుతున్నది. నేరస్తుడి తల్లే ఐ.జి. అయినచోట సెక్షన్‌తో యేం లాభం అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆమె యెవరో తెలియకముందే ఆ యింట్లో ఫిర్యాదు అన్న ఆలోచన తలెత్తకపోవడం గమనించాలి. భయపెట్టినది ఐ.జి. కాదు, లోకం. ఆ సిగ్గు లేకపోతే బెదిరింపు లేదు. బెదిరింపు లేకపోతే హత్య లేదు.

ఇంకొకటి. ఆలోచన అంతా తండ్రిది. భార్యా కూతుళ్లకు మిగిలినది అతను చెప్పిన పాఠం అప్పజెప్పడం. దెబ్బ కొట్టినది ఆ పిల్ల. ఆమె మనసులో యేం జరిగిందో తెలుసుకోవడానికి కథ ఆగలేదు. పోలీసు అధికారాన్ని ప్రశ్నించిన కథ యింట్లోని అధికారాన్ని ముట్టుకోలేదు. కొడుకును పోగొట్టుకున్న గీతా ప్రభాకర్ దుఃఖానికి చోటిచ్చిన రచయితకు యీ పిల్ల దుఃఖానికి చోటివ్వడం అసాధ్యం కాదు.

సస్పెన్సు కథను చులకనగా చూసే అలవాటు మన విమర్శలో వుంది. దానివల్ల జనం యెక్కువగా చూసే కథలు విశ్లేషణ లేకుండా పోతున్నాయి. ఉత్కంఠ ఒక పనిముట్టు. దేనికోసం భయపడాలో అది ప్రేక్షకుడికి నేర్పుతుంది. 'దృశ్యం' పోలీసు లాఠీకి భయపడడం యెందుకో చక్కగా చూపింది. ఆడపిల్ల సిగ్గుపడనక్కరలేదని మాత్రం చెప్పలేకపోయింది. నా తరగతిలోని పిల్లల్లో చాలామంది యిళ్లలో ఇప్పుడు కెమెరా వున్న ఫోన్లు వున్నాయి. శవం యెక్కడుందో వాళ్లందరికీ తెలుసు. ఆ పిల్ల తన తండ్రికి ముందుగానే యెందుకు చెప్పలేకపోయింది అన్న ప్రశ్నను యెవరూ అడగలేదు. కొత్తగా రాసేవారు ఆ ప్రశ్న దగ్గర మొదలుపెడితే మరో మంచి కథ వస్తుంది.