మానిటర్‌ను కంప్యూటర్ గుర్తుపట్టకపోతే...

ప్రియమైన తమ్ముళ్లకు,

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు కవిత రాద్దామా, కథ రాద్దామా అని చాలాసేపు ఆలోచించాను. చివరకు మన హాస్టల్ కంప్యూటర్ సంగతి రాస్తేనే నలుగురికీ పనికొస్తుందనిపించింది.

పోయిన సంవత్సరం సంక్రాంతి సెలవులు అయ్యాక ఒకరోజు హాస్టల్‌కు వచ్చాను. ఒక దాత ఇచ్చిన కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. ఎందుకని అడిగితే, "మానిటర్ పోయిందన్నా. అక్షరాలు మసకగా వస్తున్నాయి, గుండ్రంగా ఉండాల్సినవి కోడిగుడ్డులా సాగిపోతున్నాయి" అన్నారు. టౌన్లో ఒక షాపువాళ్లను అడిగితే కొత్త మానిటర్ కొనాల్సిందే, నాలుగు వేలు అవుతుందన్నారట. అప్పటినుంచి స్కాలర్‌షిప్ దరఖాస్తుకైనా, హాల్‌టికెట్‌కైనా పిల్లలు బస్సెక్కి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్తున్నారు. కొన్నాళ్లయితే ఆ కంప్యూటర్ పాత సామాన్ల గదిలోకి వెళ్లిపోయేదే.

ఆ కంప్యూటర్లో ఉన్నది లైనక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. యూనిక్స్ పద్ధతిలో నడుస్తుంది, డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఎక్కడ తేడా వచ్చిందో మనం అడిగితే దాచకుండా చెబుతుంది. ఎలా అడగాలో తెలిస్తే చాలు.

మానిటర్ తన గురించి ఏం చెబుతుంది?

మనం హాస్టల్లో చేరేటప్పుడు టీసీ, స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకుంటాం కదా. మానిటర్ దగ్గర కూడా అలాంటి కాగితం ఒకటి ఉంటుంది. దాని పేరు ఈడీఐడీ. 1994లో వచ్చిన పద్ధతి ఇది. మొత్తం 128 బైట్ల సమాచారం. ఏ కంపెనీ, ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు, ఏ కొలతలో బొమ్మ బాగా వస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. కంప్యూటర్ అది చదివి సరైన కొలత పెడుతుంది.

నీలం రంగు మూతి ఉండే వీజీఏ కేబుల్లో 15 పిన్నులకు చోటుంటుంది. బొమ్మలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు 1, 2, 3 పిన్నుల మీద వెళ్తాయి. ఈడీఐడీ మాత్రం 12, 15 పిన్నుల మీద వస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. 12వ పిన్ను ఒక్కటి తగలకపోయినా బొమ్మ మామూలుగా వస్తుంది, కానీ ఆ మానిటర్ ఏదో కంప్యూటర్‌కు తెలియదు. తెలియనప్పుడు ఎందుకొచ్చిన గొడవని 1024×768 దగ్గరే ఆగిపోతుంది. మన 19 అంగుళాల మానిటర్‌కు తగిన కొలత 1440×900, అంటే 12,96,000 చుక్కలు. వాటి మీద 7,86,432 చుక్కల బొమ్మను సాగదీస్తే మసక రాక ఏం వస్తుంది?

ముందు కళ్లతో చూడవలసినవి

కమాండ్ల జోలికి వెళ్లకముందే ఇవి చూడండి. మానిటర్ లైటు వెలుగుతోందా? దానికి రెండు సాకెట్లు ఉంటే, మనం కేబుల్ పెట్టిన సాకెట్‌నే మెనూలో ఎంచుకున్నామా? కంప్యూటర్ ఆపి, కేబుల్ తీసి, పిన్నులను మీ వైపు తిప్పి, వెడల్పు వైపు పైకి పట్టుకోండి. వరుసకు ఐదు చొప్పున మూడు వరుసలు. కింది వరుసలో ఎడమ నుంచి రెండోది 12, చివరిది 15. మధ్య వరుసలో 9వ పిన్ను చాలా కేబుళ్లలో ఉండదు, దానికి కంగారు పడకండి.

మన కేబుల్లో 12వ పిన్ను పూర్తిగా వంగి పడుకుని ఉంది. నేను తొందరపడి సూదితో లేపబోతే విరిగిపోయింది. పిల్లలంతా నా మొహం చూశారు. ఇక కంప్యూటర్‌కు మనమే చెప్పాలి.

కంప్యూటర్‌ను అడగడం

టెర్మినల్ తెరిచి ఎక్స్‌రాండర్ అని కొట్టాలి. అన్నీ చిన్న అక్షరాలే: ఎక్స్, ఆర్, ఎ, ఎన్, డి, ఆర్. సాకెట్ పేరు, దాని పక్కన కనెక్టెడ్ అనే మాట, కింద కొలతల పట్టిక వస్తాయి. మాకు వీజీఏ-1 అని వచ్చింది. మీకు పేరు వేరుగా వస్తే అదే రాసుకోవాలి. ఆ వరుస చివర మిల్లీమీటర్లు చూడండి. అక్కడ 0, 0 అని ఉంటే ఈడీఐడీ అందలేదని దాదాపు నిర్ధారణ చేసుకోవచ్చు.

ఇంకా గట్టి రుజువు కావాలంటే సిస్ ఫోల్డర్లోని క్లాస్‌లో, డీఆర్ఎం అనే ఫోల్డర్లో ప్రతి సాకెట్‌కూ ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఈడీఐడీ అనే ఫైలు ఉంటుంది. డబ్ల్యూసీ కమాండ్‌తో, అడ్డగీత సి పెట్టి, దాని బైట్లు లెక్కపెడితే 128 గానీ, 256 గానీ రావాలి. మాకు 0 వచ్చింది. అప్పుడు నేను పిల్లలతో, "మానిటర్ బాగానే ఉంది, దాని కాగితం మాత్రమే దారిలో పోయింది" అని చెప్పాను.

కొలత మనమే చెప్పడం

1. సీవీటీ 1440 900 60 అని కొట్టాలి. 106.50 1440 1528 1672 1904 900 903 909 934 అని అంకెలు, చివర హెచ్‌సింక్, వీసింక్ అనే మాటలు వస్తాయి. 106.50 అంటే సెకనుకు 10 కోట్ల 65 లక్షల చుక్కలు. అడ్డంగా కనిపించేవి 1440 అయినా లెక్క 1904. నిలువుగా 900 అయినా లెక్క 934. పాత గాజు మానిటర్లలో కిరణం ఒక వరుస గీసి వెనక్కి రావడానికి కొంత సమయం పట్టేది. ఆ ఖాళీయే ఈ తేడా. 1904ను 934తో హెచ్చించి, 10 కోట్ల 65 లక్షలను దానితో భాగించి చూడండి. సెకనుకు దాదాపు 60 సార్లు వస్తుంది.

2. ఎక్స్‌రాండర్ తర్వాత రెండు అడ్డగీతలు, న్యూమోడ్, ఒక పేరు, ఆ తర్వాత ఆ అంకెలు, చివరి రెండు మాటలు వాటి ముందున్న గుర్తులతో సహా రాయాలి. పేరు మన ఇష్టం. మేము హాస్టల్ అని పెట్టాం.

3. ఎక్స్‌రాండర్, రెండు అడ్డగీతలు, యాడ్‌మోడ్, సాకెట్ పేరు, హాస్టల్.

4. ఎక్స్‌రాండర్, రెండు అడ్డగీతలు అవుట్‌పుట్, సాకెట్ పేరు, రెండు అడ్డగీతలు మోడ్, హాస్టల్.

నాలుగోది కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడి, అక్షరాలు సూదితో చెక్కినట్టు వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కొలత తప్పయితే "అవుట్ ఆఫ్ రేంజ్" అని వస్తుంది. భయపడవద్దు, కంప్యూటర్ తిరిగి వేస్తే పాత కొలత వచ్చేస్తుంది. తప్పు అంకెలతో పాత గాజు మానిటర్లు దెబ్బతినే ప్రమాదం మాత్రం ఉండేది. అందుకే, బాగా పనిచేసిందని చూసుకున్నాకే 2, 3, 4 వరుసలను మన హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌ప్రొఫైల్ అనే ఫైల్లో రాసిపెట్టాలి. మేము వాడే ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో లాగిన్ అయిన ప్రతిసారీ అవి వాటంతటవే నడుస్తాయి.

ఒక జాగ్రత్త. ఇదంతా ఎక్స్11 మీద నడిచే డెస్క్‌టాప్‌లకే. కొత్త లైనక్స్‌లు చాలావరకు వేలాండ్ మీద నడుస్తున్నాయి. అక్కడ ఎక్స్‌రాండర్ చూపిస్తుంది కానీ ఈ మార్పులు చేయదు. అక్కడ కేబుల్ మార్చడమే తేలిక దారి.

నెల తర్వాత వార్డెన్ సార్ కొత్త కేబుల్ తెప్పించారు. అది పెట్టగానే 1440×900 దానంతటదే వచ్చింది. మేము రాసిన వరుసలు తీసేశాం. నాలుగు వేల పని ఒక కేబుల్‌తో తీరింది.

తమ్ముళ్లారా! మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. పీజీలో చేరిన కొత్తలో ల్యాబ్ కంప్యూటర్ ఏమాత్రం మొరాయించినా నావల్లే పాడైందేమోనని చప్పుడు చేయకుండా లేచి ఇంకో సీటుకు వెళ్లిపోయేవాణ్ణి. ఎవరినైనా అడగాలంటే సిగ్గు. ఒకరోజు ల్యాబ్ అసిస్టెంట్ గారు చూసి, "పారిపోకు, ముందు అది ఏమంటోందో చదువు" అన్నారు. ఆ ఒక్క మాటతోనే నాకు భయం పోయింది. మీకు నేను చెప్పేదీ అదే. ఏదైనా పాడైందని ఎవరన్నా చెబితే, ఎక్కడ పాడైందో చూపించమని అడగండి. వాళ్లు చూపించలేకపోతే మీరే వెతకండి.

ఇప్పుడు ఆ కంప్యూటర్ మీద గుడ్డ లేదు. మొన్న వచ్చినప్పుడు చూస్తే తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు ఇంటర్ తమ్ముడికి ఎక్స్‌రాండర్ నేర్పుతున్నాడు. విరిగిన పిన్ను కేబుల్‌ను పారేయకండి. కొత్తగా వచ్చేవాళ్లకు చూపించడానికి ఉంచండి.

మీ అందరి విజయాలు కోరుతూ,
మీ అన్న,
ఎం.సి.ఎ. విద్యార్థి, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి