ఇంటిలోని సముద్రమునకు అలుగు

వనపర్తి ప్రాంతమున సముద్రములకు కొరత లేదు. సంస్థానకాలపు పెద్ద చెరువులను మావారు సప్తసముద్రములని పిలుచుకొందురు. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి యాలయము చెంత నున్నది రంగసముద్రము. నాగర్‌కర్నూలు పోయినచో నక్కడ కేసరిసముద్రము. అన్నిటను ఉన్నది మంచినీరే. అసలు సముద్రమో, మాకు ఏ దిక్కున చూచినను నూరుమైళ్లకు పై దూరము.

అట్టి యూరిలో మేము ఉప్పునీటి చేపల తొట్టె నొకదానిని పెట్టుకొంటిమి. పిల్లల కోరిక యని నలుగురితో చెప్పుకొంటిమి గాని, నిజమునకు మాకే యెక్కువ యాశ. అద్దపు తొట్టె నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. దాని క్రింద బల్లలోపల మరియొక చిన్న తొట్టె. పై తొట్టె నిండి పొరలిన నీరు గొట్టముగుండ క్రింది తొట్టెకు దిగును. అక్కడ వడపోతయై, మలినము వదలి, మోటారుచే మరల పైకెక్కును. అమర్చిన పనివాడు అంతయు సరిగా నున్నదని చెప్పి, కూలి పుచ్చుకొని పోయెను.

వేసవిలో నొకరాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయెను. మేము విసనకఱ్ఱలు వెదకుకొనుచుండగా ముందుగదినుండి నీటిచప్పుడు వినబడెను. దీపము తెచ్చి చూతుము గదా, క్రింది తొట్టె పొంగి, ఉప్పునీరు గదియంతయు పారుచున్నది. నేలమీద నుంచిన ప్లగ్గుల బోర్డు నీట మునిగియున్నది. ఆ క్షణమున కరెంటు తిరిగి వచ్చియుండినచో, తడికాళ్లతో నిలిచిన మా గతి యేమయ్యెడిదో తలచుకొన్న నిప్పటికిని ఒడలు జలదరించును. మెయిను ఆపి, పాతచీరలు పరచి తుడుచుచుండగా, శ్రీరంగాపురమున పుట్టిపెరిగిన మా యత్తగారు గుమ్మమున నిలిచి, "పై చెర్వు నీళ్లొస్తే కింది చెర్వు పట్టాలె గద బిడ్డా! గది సూడకుంటనే కట్టిన్రా?" అని యడిగిరి.

ఆమె యడిగినది చెరువులెరిగిన వారి ప్రశ్న. మనవైపు చెరువులు గొలుసుకట్టుగా నుండును. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువును చేరును. పై కట్ట తెగినచో క్రింది కట్టకును ముప్పే. మా తొట్టెలును అట్టి రెండు చెరువులే. తేడా యొక్కటి కలదు: క్రింది తొట్టెకు వేరే అలుగు లేదు. మా ముందుగది నేలయే దాని అలుగు.

మోటారు ఆగిన పిమ్మట నంత నీరు ఎచ్చటినుండి వచ్చెను? పైకెక్కు గొట్టపు మూతి పై తొట్టెలో నీటిమట్టమునకు నాలుగంగుళములు లోపల నుండెను. మోటారు నడుచునంతసేపు నీరు పైకి పోవును. ఆగినతోడనే ఆ గొట్టమే నీటిని వెనుకకు దింపసాగును. కిరసనాయిలు పీపాలో రబ్బరుగొట్టము పెట్టి యొకసారి పీల్చి వదలినచో నూనె తానే దిగివచ్చుటను చూడని గృహిణి యుండదు, ఇదియు నదియే. మూతి గాలికి బయటపడువరకు ఆ పారుదల ఆగదు. మా తొట్టెలో ఒక్క యంగుళము నీరనగా అర ఘనపుటడుగు, సుమారు 14 లీటర్లు, ఒక బిందెడు. నాలుగంగుళములకు 56 లీటర్లు, నాలుగు బిందెలు. గొట్టములలో నిలిచినది దీనికి తోడు. ఆనాడు క్రింది తొట్టెలో మిగిలిన చోటు రెండు బిందెలకైనను చాలదు. కాగితముమీద అయిదు నిమిషముల లెక్క. దానిని మేము ముందు వేసికొనలేదు.

ఇప్పుడా మూతిని నీటిమట్టమునకు అరయంగుళము లోపలనే యుండునట్లు ఎత్తించితిమి. మూతి లోతుగా నుండక తప్పనిచోట, నీటిమట్టమునకు కొంచెము దిగువను గొట్టమునకు చిన్న రంధ్రము చేయుదురు. మట్టము దిగగానే ఆ రంధ్రము గాలి పీల్చి పారుదలను తెంచును. పాచియో ఉప్పో పట్టి యది పూడినచో మరల మొదటి కథయే గనుక, నెలకొకమారు పుల్లతో పొడిచి చూడవలెను. నీటిని వెనుకకు పోనీయని కవాటములును దొరకును. వానిలో ఇసుకరేణు వొకటి యిరుక్కొన్నను సరిగా మూసికొనవు. ఉండిన నుండవచ్చును గాని, దాని నమ్మి నిద్రపోరాదు.

ఇక దిగు గొట్టముల మాట. పై తొట్టె మూలను అలుగు గది యొకటి యుండును. దాని యంచు దువ్వెన పండ్లవలె కోసియుండుటచే చేపలు లోనికి పడవు. ఆ గదినుండి గొట్టము లెన్ని? మాకు మొదట నున్నది ఒక్కటే. అందులో నీరు గాలితో కలిసి దిగుటచే రాత్రియంతయు గుడగుడ చప్పుడు. ఇప్పుడు రెండు పెట్టించితిమి. మొదటి దానికి వాల్వు కలదు. గొట్టము నిండుగా, గాలి చొరకుండ పారునట్లు దానిని తిప్పి నిలిపితిమి. చప్పుడు పోయినది. రెండవదాని మూతి అంగుళము ఎత్తున నుండును. దానికి వాల్వు పెట్టనేకూడదు. అది మామూలుగా పొడిగా నుండును. నత్త యొకటి పోయి మొదటి గొట్టము నడ్డగించినపుడు నీరు లేచి రెండవదానిలో పడును. ఆ చప్పుడే మనకు హెచ్చరిక. మోటారెత్తు నీరంతయు ఆ రెండవ గొట్టమొక్కటియే దింపగలిగి యుండవలెను. ఎన్నడో యొకనాటికి ఇంత వ్యయమేల యని మావా రడిగిరి. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో కాపురముండు గద్వాల సోదరీమణు లట్లడుగరు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురమును ముంచిన దినములు వారెరుగుదురు.

రెండు గొట్టములును మూసికొనిపోయిన నేమగును? మోటారు క్రింది నీటిని పైకి తోడుచునే యుండును. ఈసారి పొరలునది పై తొట్టె. అందుచే క్రింది తొట్టెలో మోటారుండు గదిని చిన్నదిగా చేయించితిమి. ఆ గదిలోని నీరంతయు పైకెక్కినను పై తొట్టె యంచు దాటదు. క్రింద నీరు చాలక మోటారు కాలిపోవచ్చును. పోనిండు, అది కొనదొరకును.

మోటారు డబ్బాపై వేసిన యంకెలను చూచి మోసపోరాదు. అది యెత్తు లేనపుడు తోడు నీటి లెక్క. నాలుగయిదడుగులు ఎత్తునపుడు తగ్గును. గొట్టము మలుపు తిరిగిన కొలది మరింత తగ్గును. కొల్లాపురము దగ్గర ఎల్లూరునుండి జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టులమీదుగా కృష్ణనీటిని మూడంచెలుగా నెత్తు కల్వకుర్తి ఎత్తిపోతలను చూచినవారికి ఎత్తు ఖరీదెంతయో వేరుగా చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరులో ఆ ఎల్లూరు పంపుగృహమే నీట మునిగెను. మోటారుండు చోటు పల్లము. నీరు తప్పినచో మొదట చేరునది అక్కడికే. కావున మా ప్లగ్గుల బోర్డు ఇప్పుడు గోడమీద నడుమెత్తున నున్నది. తీగ బోర్డుకంటె దిగువకు వ్రేలాడి మరల పైకి పోవును. తీగవెంట జారిన చుక్క వంపున నేల రాలునే గాని ప్లగ్గులోనికి పోదు.

గొట్టములు, బిరడాలు అన్నియు ప్లాస్టికువి. ఇత్తడి కుళాయి మంచిదని యొకరు సలహా చెప్పిరి. రాగిబిందె నీరు మనకు శ్రేష్ఠమందురు గాని, రొయ్యలకును నత్తలకును పగడములకును రాగి కొంచెమైనను విషమే, ఇత్తడిలోనున్నది రాగియే. ఇనుమును ఉప్పునీరు తినివేయును.

పగడముల మాట వచ్చినది గనుక నొక సంగతి. మన సముద్రములలో దిబ్బలు కట్టు పగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నవి. వానిని తీయుటయు అమ్ముటయు కొనుటయు నేరము. ఎవరైన చాటుగా తెచ్చి యిత్తుమన్నను ఒల్లరాదు. మా తొట్టెలో నున్నవి మట్టితో కాల్చిన రాళ్లు, తొట్టెలలోనే పుట్టి పెరిగిన నారింజరంగు చారల చేపలు రెండు.

కొత్త గొట్టములు అతికిన పిమ్మట వెంటనే ఉప్పు కలుపలేదు. మంచినీరు పోసి, మోటారు నడిపి, పిల్లవానిచేత పదిమారులు ప్లగ్గు తీయించితిమి. తీసిన ప్రతిసారియు క్రింది తొట్టెలో నీరు లేచి యెక్కడ నిలుచునో అద్దముపై సుద్దతో గీత గీచితిమి. పదవసారి గీత అంచుకు నాలుగు వ్రేళ్లు దిగువ నుండెను. మా యత్తగారు వంగి, వ్రేళ్లు పెట్టి కొలిచి, "ఇగ ఉప్పు పొయ్యుండ్రి" అనిరి.